మౌలాలి గుట్ట ఎక్కుదాం

"అక్కా, ఈ ఆదివారం మౌలాలి గుట్ట ఎక్కుదమా?"

"నాతోని ఏమైతది చెల్లే! నాలుగు మెట్లెక్కితేనే దమ్మొస్తది."

"ఆగుకుంట ఆగుకుంట ఎక్కుదం. మనకేం తొందర?"

"మరి ఇంట్ల వంట?"

"ఒక్క పూట ఇంట్లోళ్లు చేసుకుంటరు తియ్యి!"

పాతబస్తీలో ఇలాంటి మాటలు చాలామంది ఆడవాళ్లు అనుకుంటారు. కాని బయలుదేరేవాళ్లు తక్కువ. మనం బయలుదేరుదాం.

ఎలా పోవాలి?

ఫలక్‌నుమా, యాకుత్‌పురా స్టేషన్లలో ఎం.ఎం.టి.ఎస్. రైలు ఎక్కవచ్చు. సికింద్రాబాదులో దిగి, మౌలాలి బస్సు పట్టుకోవచ్చు.

స్టేషనులో పసుపు రంగు బోర్డు ఉంటుంది. దాని మీద ఊరి పేరు చదవండి. చాలా స్టేషన్లలో పేరు కింద ఒక అంకె కూడా ఉంటుంది. అది టికెట్టు ధర కాదు, దూరం కాదు. ఆ చోటు సముద్రం కంటే ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో చెప్పే అంకె. సముద్రం నీళ్లు పెరుగుతాయి, తగ్గుతాయి. అందుకే వాటి సగటు ఎత్తును సున్నాగా పెట్టుకుని నేల ఎత్తును కొలుస్తారు.

విశాఖపట్నంలో సముద్రం ఒడ్డునే కైలాసగిరి ఉంది. పైనుంచి చూస్తే కింద అలలు కనబడతాయి. ఆ కొండ ఎత్తు 200 మీటర్ల లోపే. మన హైదరాబాదు నేలే సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. అంటే చార్మినార్ దగ్గర గాజులు కొనే ఆమె, కైలాసగిరి మీద నిలబడ్డ ఆమె కన్నా ఎత్తులో ఉన్నట్టే! మౌలాలి గుట్ట కొన 600 మీటర్లకు పైన ఉంటుంది. కాని మనం నేల మీది నుంచి ఎక్కేది 100 మీటర్ల లోపే.

గుట్ట కథ

ఈ గుట్ట గ్రానైటు రాయి. ఇక్కడి రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గుట్ట మీద హజ్రత్ అలీ పేరున దర్గా ఉంది. ఇది ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటిది. యాకుత్ అనే ఆయనకు 1578లో కల వచ్చిందనీ, మరునాడు ఇక్కడి రాయి మీద అలీ చేతి గుర్తు కనబడిందనీ చెప్పుకుంటారు. రజబ్ నెలలో ఉర్సు జరుగుతుంది. ముస్లిములూ వస్తారు, హిందువులూ వస్తారు.

గుట్ట కింద ఒక తోటలో మహ్ లఖా బాయి సమాధి ఉంది. ఆమె 1768లో పుట్టి 1824లో చనిపోయింది. నిజాం దర్బారులో పేరున్న కవయిత్రి. గుర్రపు స్వారీ, విలువిద్య నేర్చింది. ఉర్దూలో తన గజళ్లను ఒక పుస్తకంగా కూర్చిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు. ఆ కట్టడాన్ని తల్లి కోసం కట్టించింది. తర్వాత తానూ అక్కడే తల్లి పక్కన నిద్రపోయింది.

ఎక్కేటప్పుడు

దాదాపు 500 మెట్లు ఉంటాయి. ఎండ రాకముందే మొదలుపెట్టండి. జారని చెప్పులు వేసుకోండి. నీళ్లు పట్టుకోండి. మాట్లాడుకుంటూ నడవగలిగినంత మెల్లగా ఎక్కండి. మాట రాకుంటే కూర్చోండి. దిగేటప్పుడు మోకాళ్ల మీద బరువు పడుతుంది, తొందర వద్దు. గుండె జబ్బు, బి.పి., షుగరు ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆగిపోండి, తోటివాళ్లకు చెప్పండి.

ఒక మాట గుర్తు పెట్టుకోండి. ఇంట్లో నాలుగు మెట్లకే ఆయాసం వస్తే "వయసు అయింది" అని ఊరుకోవద్దు. రక్తం తక్కువ ఉండవచ్చు. సర్కారు దవాఖానలో పరీక్ష చేయించుకోండి. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములు ఉండాలి. చీటీ మీద ఆ అంకె మీరే చదవండి. తక్కువ ఉంటే డాక్టరు మందులు ఇస్తారు. రక్తం పెరిగాక గుట్ట ఎక్కవచ్చు. గుట్ట ఎక్కడికీ పోదు.

పైన గాలి చల్లగా తగులుతుంది. కింద రైలు పట్టాలు, ఇళ్లు చిన్నగా కనబడతాయి. ఎదురుగా ఇంకో గుట్ట, కదమె రసూల్. కాసేపు కూర్చోండి. ఆ పూట మీది.

కొత్త మాటలు

సముద్ర మట్టం – సముద్రం నీటి సగటు ఎత్తు
దర్బారు – రాజు కొలువు
ఆయాసం – దమ్ము రావడం

మాట్లాడుకోండి

1. మన ఇంటి ఆడవాళ్లు తమ కోసం ఒక పూట బయటికి పోయి ఎన్నాళ్లయింది?
2. ఆ పూట ఇంటి పని ఎవరెవరు పంచుకోవచ్చు?

చేయండి

1. మీ దగ్గరి స్టేషను బోర్డు మీది అంకెను చూసి రాసుకోండి.
2. మెట్లు లెక్కపెట్టండి. అందరి లెక్కా ఒకటేనా చూడండి.
3. మీతో వచ్చేవాళ్ల పేర్లు రాయండి. మొదట మీ పేరు రాయండి.