ఆవకాయ డబ్బాలు ఎన్ని పడతాయి? - అసమీకరణాలతో ఇంటి లెక్కలు

పిల్లలూ! "మొత్తం ఎంత?" అని అడిగే లెక్కలు మీరు బడిలో చాలా చేసి ఉంటారు. వాటికి సమీకరణం చాలు. కాని ఇంట్లో పెద్దవాళ్ళు రోజూ వేసుకునే లెక్కలు "ఇంతకు మించకూడదు", "ఇంతకు తగ్గకూడదు" అన్నట్టుగా ఉంటాయి. వాటికి అసమీకరణం కావాలి. దాని జవాబు ఒక్క సంఖ్య కాదు, ఒక హద్దు.

ముందు ఈ మాటలు గుర్తుపెట్టుకోండి.

మించకూడదు, మహా అయితే: ≤
తగ్గకూడదు, కనీసం: ≥
కంటే తక్కువ: <
కంటే ఎక్కువ: >

మొదటి రెండింటిలో హద్దు దగ్గర ఆగినా తప్పులేదు. చివరి రెండింటిలో హద్దు కూడా పనికిరాదు. ఈ <, > గుర్తులు మొదట అచ్చయింది 1631లో, ఆంగ్ల గణితవేత్త థామస్ హారియట్ పుస్తకంలో. ఆయన 1585లో అమెరికాకు, ఇప్పటి నార్త్ కరొలైనా తీరానికి, వచ్చినవాడే!

1. అమ్మమ్మగారి ఊరినుంచి తిరిగి వస్తున్నారు. పెట్టె బరువు 23 కిలోలు మించకూడదు. ఖాళీ పెట్టె 4 కిలోలు, బట్టలు, పుస్తకాలు 11 కిలోలు. ఒక్కో ఆవకాయ డబ్బా ఒకటిన్నర కిలో. ఎన్ని డబ్బాలు తేవచ్చు?

డబ్బాల సంఖ్య "క" అనుకుందాం.
4 + 11 + 1.5క ≤ 23
1.5క ≤ 8
క ≤ 5.33...

మూడో వంతు డబ్బా ఉండదు కదా! కాబట్టి 5. సరిచూద్దాం: 5 డబ్బాలతో 22.5 కిలోలు, 6 డబ్బాలతో 24. ఆరోది పెడితే విమానాశ్రయంలో అందరి ముందూ పెట్టె విప్పాల్సిందే.

2. వనభోజనాలకు 33 మంది వెళ్ళాలి. ఒక్కో వ్యానులో 7 మంది పడతారు. కనీసం ఎన్ని వ్యాన్లు కావాలి?

7క ≥ 33
క ≥ 4.71...

ఇక్కడ 4 అంటే అయిదుగురు ఇంటి దగ్గరే మిగిలిపోతారు! జవాబు 5. చూశారా, మొదటి లెక్కలో కిందికి దిగాం, ఇందులో పైకి వెళ్ళాం. ఎటు వెళ్ళాలో చెప్పేది లెక్కలోని కథే.

3. మీ డిబ్బీలో 50 డాలర్లున్నాయి. వారానికి 4 డాలర్లు ఖర్చు పెడతారు. అమ్మ పుట్టినరోజు కానుకకు కనీసం 20 డాలర్లు మిగలాలి. ఎన్ని వారాలు ఖర్చు పెట్టవచ్చు?

50 − 4క ≥ 20
−4క ≥ −30
క ≤ 7.5

రుణ సంఖ్యతో భాగిస్తే గుర్తు తిరగబడుతుంది. ఎందుకంటే 3 < 5, కాని −3 > −5. గుర్తు తిప్పకపోతే "ఏడున్నర వారాలకు తగ్గకుండా ఖర్చు పెడితేనే కానుకకు డబ్బు మిగులుతుంది" అని వస్తుంది. అలా ఎక్కడైనా జరుగుతుందా? జవాబు 7 వారాలు.

ఇప్పుడు మీ వంతు: మూడు పరీక్షల్లో 86, 93, 88 మార్కులు వచ్చాయి. నాలుగింటి సగటు 90కి తగ్గకూడదంటే నాలుగో పరీక్షలో కనీసం ఎన్ని రావాలి? జవాబును అమ్మానాన్నలకు తెలుగులోనే వివరించండి.

(జవాబు: 93)