ఎర్రదీపం వెలిగాక ఏం చేస్తారు?

లెర్నింగ్ అనలిటిక్స్‌లో పరిశోధన మొదలుపెడుతున్న పిల్లలకు, ఈ రంగాన్ని చాలాకాలంగా చూస్తున్న పెద్దవాడిగా నేను చెప్పదలచుకున్నవి ఇవి.

1. నిర్వచనాన్ని చివరిదాకా చదవండి. 2011లో కెనడాలోని బాన్ఫ్‌లో ఈ రంగపు తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది. విద్యార్థుల డేటాను కొలవడం, సేకరించడం, విశ్లేషించడం ఎందుకంటే, చదువును అర్థం చేసుకుని మెరుగుపరచడానికి అని అప్పుడే చెప్పుకున్నారు. ఆ చివరి మాట దాకా వచ్చే పరిశోధనలు ఇప్పటికీ తక్కువే.

2. ఆన్‌లైన్ పాఠాల వాడకాన్ని నమోదు చేసే లాగ్‌లో కనబడనిది చాలా ఉంటుంది. ఒకే ఫోనులో, ఒకే లాగిన్‌తో అన్నాచెల్లెళ్లిద్దరూ పాఠం వింటారు. సిగ్నల్ దొరికినచోట వీడియో దింపుకుని, ఇంటికెళ్లి నాలుగుసార్లు చూసే అమ్మాయి మీ పట్టికలో సోమరిగా తేలవచ్చు.

3. ఫలితం మరీ బాగుంటే తలకిందులు చేసి చూడండి. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం ‘కోర్స్ సిగ్నల్స్’ అనే పద్ధతి తెచ్చింది. వెనకబడుతున్న విద్యార్థికి ఎర్రదీపం, అటూఇటూగా ఉంటే పసుపు, బాగుంటే ఆకుపచ్చ. ఈ దీపాలున్న కోర్సులు రెండు, అంతకుమించి చదివినవాళ్లు కాలేజీ మానేయడం బాగా తక్కువని ప్రకటించారు. ప్రపంచమంతా మెచ్చుకుంది. 2013లో విద్యా సాంకేతిక రంగానికి చెందిన మైక్ కాల్‌ఫీల్డ్, ఆల్‌ఫ్రెడ్ ఎస్సా ఆ లెక్కను నిలదీశారు. మొదటి సెమిస్టరులోనే మానేసినవాడికి రెండో కోర్సు తీసుకునే అవకాశమేది? కాలేజీలో నిలిచినవాళ్లే ఎక్కువ కోర్సులు చదివారు. కోర్సుల వల్లే నిలిచారని ఆ లెక్క రుజువు చేయదు. ఈ ఉదంతాన్ని ప్రతి పరిశోధక విద్యార్థి చేత కాగితం మీద లెక్క వేయించాలని నా కోరిక.

4. జోస్యం దగ్గర ఆగకండి. ఉన్నత విద్యలో లెర్నింగ్ అనలిటిక్స్‌పై వచ్చిన 252 పరిశోధన పత్రాలను పరిశోధకురాలు ఓల్గా విబెర్గ్, ఆమె సహచరులు 2018లో పరిశీలించారు. చదువు ఫలితాలు మెరుగుపడ్డాయనడానికి ఆధారం చూపినవి 9 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోసాఫ్ట్ సాయంతో బడి మానేసే ప్రమాదమున్న పిల్లల్ని ముందే గుర్తించే ప్రయత్నం జరిగింది. మంచి ఆలోచన. అయితే జాబితాలో పేరు చేరాక ఆ ఇంటికి ఎవరు వెళ్లారు, వెళ్లినవాళ్ల చేతిలో బస్సు పాస్ ఉందా, హాస్టల్ సీటు ఉందా, పిల్ల తిరిగి బడికొచ్చిందా? నన్నడిగితే, పీహెచ్‌డీకి కావలసిన ప్రశ్నలు ఇవే. అల్గారిదమ్ కచ్చితత్వాన్ని మరో రెండు శాతం పెంచడం కంటే ఇది కష్టం, కాలం ఎక్కువ పడుతుంది, పత్రాలు తక్కువ వస్తాయి. అయినా ఇదే చేయండి.

5. ఊరు మారితే మోడల్ మారాలి. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ విడుదల చేసిన 32,593 మంది విద్యార్థుల డేటా మనవాళ్లకూ అందుబాటులో ఉంది. అందులో ఒక గడి, విద్యార్థి ఉండే ప్రాంతం ఎంత వెనకబడిందో బ్రిటన్ సూచీ ప్రకారం చెబుతుంది. అనంతపురం విద్యార్థికి ఆ గడిలో ఏం రాస్తారు?

6. చాట్‌జీపీటీ వచ్చాక అప్పజెప్పిన వ్యాసాన్ని బట్టి ఆలోచనను కొలవలేం. కొత్త కొలతలు వెతకవలసింది మీరే.

7. పిల్లల డేటా అప్పుగా తెచ్చుకున్న సొమ్ము. అమెరికాలో బడిపిల్లల డేటాను ఒకచోట చేర్చడానికి భారీ నిధులతో మొదలైన ఇన్‌బ్లూమ్ సంస్థ, తల్లిదండ్రుల నమ్మకం పోయి 2014లో మూతపడింది. మన 2023 డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల ప్రవర్తనను వెంటాడి గమనించకూడదంటుంది. మినహాయింపులిచ్చే అధికారం ప్రభుత్వానికుంది. మినహాయింపు దొరికినా సరే, ఎరుపు గుర్తు ఎందుకు పడిందో ఆ పిల్లకు, ఆమె తల్లికి తెలుగులో చెప్పండి. అది తప్పని వాళ్లంటే దిద్దే వీలు మీ పద్ధతిలోనే ఉంచండి.