దిగుడులో బ్రేకు ఎలా వేయాలి?

ప్రశ్న: పోర్ట్‌లాండ్‌లో ఉంటున్నాం. ఫారెస్ట్ పార్కులో మౌంటెన్ బైక్ తొక్కాలని ఉంది. దిగుడంటే భయం. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: లీఫ్ ఎరిక్సన్ డ్రైవ్‌తో మొదలుపెట్టండి. సుమారు 18 కిలోమీటర్ల దారి, ఎత్తుపల్లాలు మెల్లగా వస్తాయి. వైల్డ్‌వుడ్ ట్రెయిల్ నడిచేవాళ్లకే. అక్కడ సైకిళ్లు నిషేధం. కొన్ని ఫైర్ లేన్లలో (మంటలు ఆర్పే బండ్ల కోసం వేసిన దారుల్లో) అనుమతి ఉన్నా అవి బాగా నిటారు, ఇప్పుడే వద్దు.

దిగేటప్పుడు సీటు కాస్త దించుకుని, పెడళ్లు రెండూ ఒకే ఎత్తులో ఉంచి వాటి మీద నిలబడండి. నడుము వెనక్కి, మోచేతులు వదులుగా. వేగం మలుపుకు ముందే తగ్గాలి. రెండు బ్రేకులూ ఒక్కో వేలితో కొద్దికొద్దిగా నొక్కండి. ముందుది ఒక్కసారిగా బిగిస్తే హ్యాండిల్ మీదుగా పడతారు. వెనకది బిగిస్తే చక్రం జారుతుంది, మట్టి దారీ కోసుకుపోతుంది. తడి వేర్ల మీద బ్రేకు ముట్టుకోకుండా నేరుగా దాటేయండి. నడిచేవాళ్లు ఎదురైతే దయచేసి మీరే ఆగి దారివ్వండి.