మానని పుండు – చర్మానికి వచ్చే క్యాన్సర్‌ని గుర్తు పట్టడం

ఈ నెల గోడ పత్రికలో సైన్సు పాఠం రాసే వంతు తొమ్మిదో తరగతికి వచ్చింది. చర్మం గురించి నేను రాస్తానని చెయ్యి ఎత్తాను. ఎందుకు ఎత్తానో కింద చదివితే తెలుస్తుంది.

మన శరీరంలో అన్నిటికన్నా పెద్ద అవయవం చర్మం. పై పొర బాహ్యచర్మం, కింద పొర అంతశ్చర్మం. బాహ్యచర్మం అడుగున మెలనిన్ అనే రంగు పదార్థాన్ని తయారుచేసే కణాలు ఉంటాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు లోపలి కణాలను పాడు చెయ్యకుండా ఈ మెలనిన్ గొడుగులాగ అడ్డం పడుతుంది. కాబట్టి నల్లగా ఉన్నామని పౌడరు డబ్బాలు ఖాళీ చెయ్యక్కరలేదు (ఇది మా రూములో కొందరికి). తెల్లవాళ్ళు ఎక్కువగా ఉండే ఆస్ట్రేలియాలో 70 ఏళ్ళు వచ్చేలోపు ప్రతి ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక చర్మ క్యాన్సర్ వస్తుందని లెక్క. మనకి అంత రాదు. కానీ వచ్చినప్పుడు ఎండ తగిలే ముఖం మీదే వెతికితే దొరకదు. మనలాంటి రంగు వాళ్ళకి అరికాలిలో, అరచేతిలో, గోరు కింద, పాత కాలిన మచ్చలో, ఏళ్ళ తరబడి మానని పుండులో వస్తుంది. అక్కడ ఎవరు చూసుకుంటారు?

ఇప్పుడు మా అమ్మమ్మ సంగతి. మా ఊరు కొండ మీద. చలికాలం మంట పక్కనే పడుకుంటాం. మా అమ్మ చంటిపిల్లగా ఉన్నప్పుడు ఒక రాత్రి అమ్మమ్మ కోకకి నిప్పంటుకుని ఎడమకాలు మోకాలి కింద కాలిపోయింది. ఆకు పసరు వేశారు, మానింది. మానినా ఆ చోట చర్మం పలచగా, ఉల్లిపొరలాగ ఉండేది. పోడుకి వెళ్ళి పుల్ల గీసుకున్నా చిట్లేది. మళ్ళీ మానేది. ముప్పై ఏళ్ళు దాటి ఇలాగే నడిచింది. అందుకే పోయిన ఏడాది అది మళ్ళీ చిట్లితే ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

అమ్మమ్మ మాత్రం పట్టించుకుంది. దసరా సెలవులకి నేను ఇంటికి వెళ్ళినప్పుడు చెప్పింది, “ఇది ఆ పాత పుండు కాదే గుంటా. ఇదేటో కొత్తది. పాతది నాకు తెల్దా?” అని. నేను నవ్వి ఊరుకున్నాను. నాకు అప్పటికి చర్మం పాఠంలో పదికి తొమ్మిది మార్కులు వచ్చాయి. కాలు మాత్రం చూడలేదు.

ఎజ్జోడు చూశాడు, కోడిని కోయించాడు. ఒక ఆసుపత్రిలో రెండుసార్లు పూత మందు రాసిచ్చారు. అక్కడా కట్టు విప్పి సరిగా చూడలేదని అమ్మ చెప్తుంది. సంక్రాంతికి నేను వెళ్ళేసరికి పుండు అంచులు పైకి లేచి గట్టిపడ్డాయి. మధ్యలో పువ్వుకోసు లాగ కండ పెరిగింది. ముట్టుకుంటే రక్తం. వాసన వస్తోందని అమ్మమ్మ వీధి అరుగు మీద పడుకుంటోంది, మనవలకి దూరంగా. అది చూసి నాకు ఏడుపు వచ్చింది.

సెలవుల తరువాత సైన్సు మేడం గారికి చెప్పాను. ఆవిడ నా మాట అంతా విని, “పాత కాలిన మచ్చలో మానని పుండా? ఆలస్యం చెయ్యకండి, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, చిన్న ముక్క తీసి పరీక్ష చెయ్యమని అడగండి” అని కాగితం మీద రాసి ఇచ్చారు. ముక్క తీసే ఆ పరీక్షని బయాప్సీ అంటారు. అమ్మ ఆ కాగితం రవికెలో పెట్టుకుని రెండు బస్సులు మారి తీసుకెళ్ళింది. ముక్క తీస్తే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుందని ఊళ్ళో భయపెట్టారు. అది నిజం కాదని డాక్టరు గారు చెప్పారు, ముక్క తీయకపోతే అది ఏమిటో తెలీదు. రిపోర్టులో క్యాన్సర్ అనే వచ్చింది.

ఇలా పాత మచ్చలో పుట్టే దాన్ని మార్జోలిన్ పుండు అంటారట. మార్జోలిన్ అనే ఫ్రెంచి డాక్టరు అలాంటి పుళ్ళ గురించి 1828లో రాశాడు. కాలిన తరువాత అది రావడానికి ఒక్కోసారి ముప్పై ఏళ్ళు పడుతుంది. మన దేశంలోనే ఇంకొన్ని రకాలు ఉన్నాయి. కాశ్మీరులో చలికి నిప్పుల కుండని కాంగ్రీ అని బట్టల లోపల పెట్టుకుంటారు, అక్కడ పొట్ట మీద, తొడ మీద వస్తుంది. బొంబాయిలో ఖనోల్కర్ అనే డాక్టరు 1945లోనే ధోవతి బిగించే చోట వచ్చే క్యాన్సర్ గురించి రాశారు. చీర కింద లంగా బొందు ఏళ్ళ తరబడి ఒకే చోట ఒరుసుకుని పుండు పడి, అది క్యాన్సర్ అయినవాళ్ళు కూడా ఉన్నారు. నడుము మీద నల్ల గీత మన అమ్మలందరికీ ఉంటుంది, అది క్యాన్సర్ కాదు. అక్కడ పుండు పడి మానకపోతేనే చూపించాలి. బొందు కొంచెం వదులుగా, కాస్త వెడల్పుగా ఉంటే మంచిది.

ఇంకో రకం మెలనోమా. ఇది మెలనిన్ తయారుచేసే కణాలకే వస్తుంది. ఇది అన్నిటికంటే చెడ్డది, తొందరగా లోపలికి పాకుతుంది. జమైకా దేశపు పాటగాడు బాబ్ మార్లీకి కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది. అది 1977లో బయటపడింది, 1981లో 36 ఏళ్ళకే చనిపోయాడు. ఆయనా నల్లవాడే.

మచ్చ చూసి మెలనోమాని అనుమానించడానికి న్యూయార్క్ డాక్టర్లు 1985లో నాలుగు గుర్తులు చెప్పారు. మచ్చని మధ్యకి మడిచినట్టు అనుకుంటే రెండు సగాలూ ఒకలాగ ఉండవు. అంచు గీసినట్టు కాకుండా వంకరటింకరగా ఉంటుంది. రంగు ఒక చోట నలుపు, ఒక చోట గోధుమ, ఒక చోట ఎరుపు. వెడల్పు 6 మిల్లీమీటర్లు దాటుతుంది, మన పెన్సిలు వెనకభాగం అంత. 2004లో అయిదో గుర్తు కలిపారు: మారుతూ ఉండటం. గోరులో అయితే ఒకే వేలికి నల్ల గీత వచ్చి వెడల్పు అవుతూ గోరు పక్క చర్మానికి కూడా నలుపు పాకితే అనుమానించాలి. అన్ని గోళ్ళకీ సన్న గీతలుంటే నల్లటి వాళ్ళకి అది మామూలే.

ఈ పాఠం క్లాసులో చదివి వినిపించిన రోజు రాత్రి డార్మెటరీలో అందరూ టార్చి వేసుకుని పుట్టుమచ్చలు వెతుక్కున్నారు. ఒకమ్మాయి భోజనం మానేసింది. పుట్టినప్పటినుంచి ఒకేలాగ ఉన్న మచ్చకి భయపడకండి. గజ్జి, తామర, శోభి ఇవేవీ క్యాన్సర్ కావు, కానీ వాటికీ మందు ఉంది, దాచుకోవద్దు. స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఉంటే కుష్ఠు కావచ్చు, ఏ.ఎన్.ఎం. అక్కకి చూపిస్తే దానికీ ఉచితంగా మందు ఇస్తారు.

నేను ఎక్కువ ఆలోచించింది ఒక విషయం. మెలనోమా వచ్చిన చాలామందిలో మొదట చూసినది డాక్టరు కాదట, రోగి గానీ ఇంట్లోవాళ్ళు గానీ అట. అమ్మమ్మకి చదువు రాదు. నాలుగు గుర్తులూ తెలీవు, వెడల్పు కొలవడం తెలీదు. కానీ అయిదోది, మారడం, తనే కనిపెట్టింది, అందరికన్నా నాలుగు నెలలు ముందు. వినేవాళ్ళమే లేము.

గజ్జల్లో బిళ్ళలు లేవని, లోపలికి పాకలేదని డాక్టరు గారు చెప్పారు. పుండుని చుట్టూ మంచి చర్మంతో సహా కోసేసి, తొడ మీద చర్మం తెచ్చి అతికారు. కాలు ఉంది. కర్ర పట్టుకుని నడుస్తోంది. మూడు నెలలకొకసారి చూపించుకోవాలి, మళ్ళీ రావచ్చు కూడా. పోయిన నెల ఇంటికి వెళ్ళినప్పుడు జామెట్రీ పెట్టెలో స్కేలు తీసి అతుకు అంచులు కొలిచి నోటు పుస్తకంలో బొమ్మ గీశాను. దసరాకి మళ్ళీ కొలుస్తాను.

కొలిచాక అమ్మమ్మ, “నాది సూసీసినావు, మరి నీ కాళ్ళేవీ?” అని నా అరికాళ్ళు రెండూ తన ఒళ్ళో పెట్టుకుని దీపం దగ్గరికి లాగి చూసింది. ఒక ముల్లు దొరికింది. సూదితో తీసేసింది.