పనిలో పనిగా... ఎంతవరకు?

పాత పోర్షా 911కి క్లచ్ మార్చాలంటే ఇంజిన్ దించాల్సిందే. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో తొలిసారి కనిపించిన ఈ జర్మన్ స్పోర్ట్స్ కారుకు ఇంజిన్ వెనక ఉంటుంది. బండిని పైకెత్తి, ఇంజిన్‌నూ గేర్‌బాక్సునూ కలిపి కిందికి దించి, రెండింటినీ విడదీస్తే గానీ క్లచ్ ప్లేటు కనబడదు. శ్రమంతా ఆ దించడంలో, ఎక్కించడంలోనే ఉంది. అందుకే చేయి తిరిగిన మెకానిక్ ఇంజిన్ కిందికి రాగానే, పాతబడ్డవి ఇంకేమున్నాయా అని చుట్టూ చూస్తాడు.

మన పరుగూ అప్పుడప్పుడూ ఇలాగే ఆగుతుంది. ఒక ఉద్యోగం వదిలి ఇంకోదాంట్లో చేరేలోపు దొరికిన నాలుగు వారాలు, ఆపరేషన్ తర్వాత ఇంటిపట్టున ఉండే రోజులు... వాటిని ఎలా వాడుకోవాలో ఆ మెకానిక్‌ను చూసి నేర్చుకోవచ్చు.

చేతికి అందనివే ముందు

ఫ్లైవీల్ వెనక, క్రాంక్‌షాఫ్ట్ చుట్టూ ఒక ఆయిల్ సీల్ ఉంటుంది. చిన్న రింగు, కొత్తది చవకే. అది గట్టిపడి ఆయిల్ కారితే కొత్త క్లచ్ ప్లేటు తడిసి జారిపోతుంది. మళ్లీ ఇంజిన్ దించాలి. అందుకే ఇప్పుడు కారకపోయినా మార్చేస్తారు. ఫ్యాన్ బెల్టు అలా కాదు, వెనక మూత ఎత్తితే ఎప్పుడైనా అందుతుంది.

మీ పనుల జాబితానూ ఇలాగే విడదీయండి. ఆదివారం పూట చేసుకోగలిగినవి పక్కన పెట్టండి. సెలవు దొరకదంటూ ఏళ్లుగా వాయిదా వేస్తున్న పూర్తి ఆరోగ్య పరీక్షలు, సొంతూళ్లో నాలుగు రోజులుంటే తప్ప తెమలని పొలం కాగితాలు... ముందు వాటి పని పట్టండి.

వాడనివీ పాడవుతాయి

ఇంజిన్‌కు పెట్రోలు అందించే రబ్బరు పైపులు కారు ఎంత తిరిగిందో చూడవు. షెడ్డులోనే ఉన్నా ఏళ్లు గడిచేకొద్దీ ఎండి పగుళ్లిస్తాయి. వేలితో వంచి చూస్తే సన్నని గీతలు బయటపడతాయి. వేడెక్కిన ఇంజిన్ మీద పెట్రోలు చుక్క పడితే మంట లేవచ్చు. కాబట్టి వాటిని మార్చడానికి ఆలోచించనక్కర్లేదు.

పలకరింపులు లేని స్నేహం, సాధన ఆగిన విద్య కూడా అంతే. గొడవేమీ లేదు కదా అని వదిలేసినవాటిని ఈ విరామంలో ఒకసారి వంచి చూడండి.

హద్దు గీసుకోండి

అసలు చిక్కు ఇక్కడే. ఇంజిన్ కళ్లెదుట ఉంటే అన్నీ మార్చాలనిపిస్తుంది. కంప్రెషన్ సరిగ్గా ఉన్న ఇంజిన్‌ను కూడా ‘ఎలాగూ దించాం కదా’ అని విప్పితే బిల్లు కొండెక్కుతుంది, కారు నెలల తరబడి స్టాండ్ల మీదే ఉంటుంది. పెళ్లి సందడిలో పుస్తె కట్టడం మరిచినట్టు, క్లచ్ పని మూలన పడుతుంది.

మధ్యరకం భాగాలూ ఉంటాయి. 1984కు ముందు మోడళ్లలోని చైన్ టెన్షనర్లను ఇంజిన్ బండిలో ఉండగానే మార్చవచ్చు. కాకపోతే ఇరుకులో చేయాలి, బయట ఉంటే సులువు. అవి విఫలమైతే చైన్ వదులై ఇంజినే దెబ్బతినే ప్రమాదముంది. అందుకే చాలామంది పనిలో పనిగా, ఇంజిన్ ఆయిల్ పీడనంతో పనిచేసే తర్వాతి రకం టెన్షనర్లు బిగించుకుంటారు. అందడం ఎంత కష్టం, పాడైతే నష్టమెంత... ఈ రెండూ తూచి నిర్ణయించాలి.

మీరూ అలాగే చేయండి. విరామం మొదలైన రోజే కాగితం మీద అసలు పని పైన రాయండి. దాని కింద మూడంటే మూడు అదనపు పనులకే చోటివ్వండి. పక్కనే ముగింపు తేదీ వేయండి. మధ్యలో తోచిన ప్రతి కొత్త ఆలోచననూ వేరే కాగితం మీదికి పంపండి. ఆపరేషన్ చేయించుకున్నవారికి అసలు పని కోలుకోవడమే, తక్కినవన్నీ దాని తర్వాతే.

దించిన ఇంజిన్ తిరిగి ఎక్కాలి, కారు రోడ్డెక్కాలి. అనుకున్న తేదీకి ఆ రెండూ జరిగితేనే అదనంగా చేసిన పనికి విలువ.