హాలు ఇచ్చాక సంఘం చేయాల్సిన పని

ప్రియమైన అమ్మలూ,

డాలస్‌లోని మీ తెలుగు సంఘం తన ఫెలోషిప్ హాలును గర్ల్ స్కౌట్స్‌కు ఇవ్వాలనుకుంటోందనీ, ఆ మాటలు నడిపే పని నీకు అప్పగించిందనీ తెలిసి పెద్దమ్మకు చాలా సంతోషమైంది.

ముందు ఆ సంస్థ సంగతి. జూలియెట్ గోర్డన్ లో అనే ఆవిడ 1912 మార్చి 12న జార్జియాలోని సవానాలో 18 మంది ఆడపిల్లలతో దాన్ని మొదలుపెట్టారు. ఆవిడ ఎపిస్కోపల్ సంఘ సభ్యురాలే అయినా సంస్థను ఏ చర్చికీ కట్టెయ్యలేదు. పిల్లలు చేసే ప్రమాణంలో దేవుడి మాట ఉంది. 1993 నుంచి ఎవరి విశ్వాసాన్ని బట్టి వాళ్లు ఆ చోట వేరే మాట చెప్పుకోవచ్చు. అందుకే ట్రూప్ అనే ఒకే జట్టులో బాప్టిస్టుల పాపా, ముస్లిం పాపా, గుంటూరు నుంచి వచ్చిన హిందూ కుటుంబం పాపా పక్కపక్కనే కూర్చుంటారు.

సంఘ పెద్దలు చాలామంది పొరబడేది ఇక్కడే. బాయ్ స్కౌట్స్ పద్ధతిలో చర్చి చార్టర్ అనే అనుమతిపత్రం తీసుకుంటే ట్రూప్ చర్చిదే అవుతుంది; నాయకులను ఆమోదించేదీ చర్చే. గర్ల్ స్కౌట్స్‌లో అలా కాదు. ట్రూప్ స్థానిక కౌన్సిల్ కింద నడుస్తుంది, చర్చి ఆతిథ్యం ఇస్తుందంతే. ఇది తెలియని సంఘం, పిల్లలు సండే స్కూల్‌కు రాలేదేమని నెల తిరక్కుండానే అడుగుతుంది. ఆ ప్రశ్నతో తల్లుల ముఖాలు మారిపోతాయి.

కాబట్టి మొదటి ఫోను కౌన్సిల్‌కు, రెండోది ట్రూప్ లీడర్‌కు. ఆమెకు ఏం కావాలో అడగాలి. తరచుగా వచ్చే జవాబు చాలా చిన్నది: జిగురు సీసాలు, రంగులు, సగం కుట్టిన బ్యాడ్జీలు పెట్టుకోవడానికి తాళం వేసుకునే ఒక అలమర. ప్రతి సమావేశానికీ ఇవన్నీ కారు డిక్కీలో మోసుకొచ్చే తల్లికి ఆ అలమర ఎంత ఊరటో! పెళ్లి విందు వచ్చిందని ట్రూప్ సమావేశం ఉన్న రోజు హాలు లేదనడం మాత్రం తగదు. తేదీలు, బీమా, శుభ్రం చేసే బాధ్యత కాగితం మీద ఉండాలి. దానిమీద లీడర్ సంతకం చాలుతుందా, కౌన్సిల్‌దే కావాలా అన్నది ముందే తేల్చుకోవాలి.

సమావేశంలో ఒకరికొకరు బంధువులు కాని ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, వాళ్లలో ఒకరైనా స్త్రీ కావాలి. సాయానికి వెళ్లే సంఘస్థులు కూడా నేపథ్య తనిఖీ చేయించుకోవాల్సిందే, పాస్టరమ్మ గారైనా సరే.

మార్చి 12 ఉన్న వారంలో గర్ల్ స్కౌట్ సండే వస్తుంది. వయసును బట్టి నీలం చొక్కాయిల డైసీలు, గోధుమరంగు బ్రౌనీలు, ఆకుపచ్చ జూనియర్లు వాకిట్లో నిలబడి వచ్చినవాళ్లకు వందనాలు చెప్పవచ్చు, ఇష్టమున్న పిల్ల వాక్యం చదవవచ్చు. రాలేని పిల్లకు సంజాయిషీ అడగకూడదు. క్రైస్తవ కుటుంబాలు కోరితే ప్రే అనే సంస్థ రూపొందించిన పాఠాలున్నాయి. వాటిని పూర్తిచేసిన పిల్లకు సంఘం ముందు పతకం పెట్టవచ్చు. ట్రూప్ పేరిట చర్చికి చందాలు పోగుచేయించడం మాత్రం సంస్థ నియమాలకు విరుద్ధం.

చర్చిలకూ గర్ల్ స్కౌట్స్‌కూ మధ్య అభిప్రాయభేదాలూ వస్తాయి. 2016లో సెయింట్ లూయిస్ కాథలిక్ ఆర్చిబిషప్ గర్ల్ స్కౌట్స్‌తో సంబంధాన్ని పునరాలోచించుకోమని తన కింది సంఘాలను బహిరంగంగా కోరారు. మరుసటి ఏడు కాన్సస్ రాష్ట్రంలోని కాన్సస్ సిటీ ఆర్చ్‌డయోసిస్, 1995లో ఒహాయోలో పుట్టిన క్రైస్తవ సంస్థ అమెరికన్ హెరిటేజ్ గర్ల్స్ వైపు మళ్లింది. ఎవరిని ఆదరించాలో నిర్ణయించుకునే హక్కు సంఘానికి ఉంది. అయితే ఆ సంగతి లీడర్‌ను కూర్చోబెట్టి ముఖాముఖి చెప్పాలి. పిల్లలు తలుపుకు అంటించిన నోటీసు చూసి తెలుసుకునే స్థితి రానివ్వకూడదు.

పెద్ద పిల్లలను మరువకూడదు. గర్ల్ స్కౌట్స్ వాళ్లకు ఇచ్చే గోల్డ్ అవార్డుకు దాదాపు 80 గంటలు పట్టే సేవాపని కావాలి. తెలుగు సంఘంలో అలాంటి పనికి కొదవలేదు: మనవల కోసం వచ్చి, ఇంగ్లిషు రాక ఇంటిపట్టునే ఉండిపోయే అమ్మమ్మలకు బస్సెక్కడం, అత్యవసరానికి 911కు ఫోను చేయడం నేర్పే తరగతులు పెట్టించవచ్చు. ఆ ఆలోచనను అమ్మాయిల ముందు ఉంచి, ఎలా చేయాలో వాళ్లకే వదిలెయ్యాలి.

ఆగస్టులో బడులు తెరిచేసరికి కొత్త ట్రూప్‌లు చోటు వెతుక్కుంటాయి గనుక, హాలు సంగతి జూన్ పెద్దల సమావేశంలోనే పెట్టించు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ