పరికల్పన పరీక్షలు: ఎంపికలోనే సగం సమాధానం

గణాంకశాస్త్రం పేపర్లో పరికల్పన పరీక్షల లెక్క వచ్చిందంటే మనలో చాలామందికి సూత్రాలన్నీ గుర్తుంటాయి. ఏది ఎక్కడ వాడాలన్నదే తోచదు. మిత్రులారా, ముందు రెండు ప్రశ్నలు వేసుకుందాం. మన దగ్గరున్నవి కొలతలా, తలల లెక్కలా? కొలతలైతే ఒకే బృందానివా, వేర్వేరు బృందాలవా?

* పాసైనవారెందరు, తప్పినవారెందరు వంటి లెక్కలకు కై-వర్గ పరీక్ష.
* రెండు వేర్వేరు బృందాల సగటులను పోల్చడానికి రెండు శాంపిళ్ల టి-పరీక్ష.
* అదే విద్యార్థుల మార్కులను ముందు, తర్వాత పోల్చడానికి జత టి-పరీక్ష.
* శాంపిల్ 30 దాటితే సాధారణంగా జెడ్-పరీక్ష కూడా వాడతారు.

చిన్న శాంపిళ్లకు పనికొచ్చే టి-పరీక్షకు మూలమైన వ్యాసాన్ని 1908లో గోసెట్ ప్రచురించారు. ఆయన డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారం ఉద్యోగి. పెట్టుకున్న కలం పేరు "స్టూడెంట్", అంటే మన పేరే!

ఇప్పుడొక ఉదాహరణ. ఉదయం అదనపు స్టడీ అవర్ పెట్టాక 9 మంది పదో తరగతి విద్యార్థులకు లెక్కల్లో సగటున 4 మార్కులు పెరిగాయనుకుందాం. ఆ తేడాల ప్రామాణిక విచలనం 6. విద్యార్థులు వాళ్లే కనుక జత టి-పరీక్ష వాడాలి. తేడాలు దాదాపు సామాన్య విభాజనంలో ఉండాలన్నది షరతు.

1. శూన్య పరికల్పన: సగటు తేడా సున్న.
2. ప్రత్యామ్నాయ పరికల్పన: సగటు తేడా సున్న కాదు.
3. సార్థకతా స్థాయి: 5 శాతం.
4. 9 వర్గమూలం 3. 6ను 3తో భాగిస్తే 2. టి = 4 ÷ 2 = 2.
5. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 9 – 1 = 8. రెండువైపుల పరీక్షకు పట్టిక విలువ 2.306. మనకు వచ్చింది అంతకన్నా తక్కువ. శూన్య పరికల్పనను తిరస్కరించలేం.

"మార్కులు పెరిగాయా?" అని ఒకవైపే అడిగి ఉంటే పట్టిక విలువ 1.860. అప్పుడు తిరస్కరిస్తాం. మార్కులు అవే, టి విలువ అదే, తీర్పు మాత్రం మారింది! అందుకే ఒకవైపా, రెండువైపులా అన్నది మార్కులు చూడకముందే రాసిపెట్టుకోవాలి. చూశాక అనుకూలమైనది ఎంచుకోవడం లెక్క కాదు, మోసం.

తిరస్కరించలేకపోయామంటే స్టడీ అవర్ దండగని రుజువైనట్టు కాదు. ఆధారం చాలలేదంతే. అదే సగటు, అదే విచలనం 36 మందిలో వస్తే టి విలువ 4 అవుతుంది. అప్పుడు తిరస్కరించవచ్చు. అయినా ఆ పెరుగుదల స్టడీ అవర్ వల్లనే అనాలంటే, దానికి హాజరుకాని విద్యార్థులతోనూ పోల్చాలి.

తొమ్మిది మంది లెక్క చూసి పిల్లల చదువు గంట ఎత్తేయకూడదు. సూత్రం పట్టికలో దొరుకుతుంది, ప్రశ్నను మాత్రం మనమే సరిగా వేసుకోవాలి.